పెళ్ళివారు వద్దన్నారట

పెద్దకర్మ కార్డు మీద చిన్నబ్బాయి పేరుకి ముందు ‘సంగీత విద్వాంసులు’ అని అచ్చు వేయించింది ఆయన బావగారు చంద్రరావుగారే. బతికినన్నాళ్ళూ బావమరిదిని ‘బూరా ఊదుకునే వెధవ’ అనడం తప్ప ఇంకో ముచ్చట ఎరగని ఆ పెద్దమనిషి, నరసాపురంలో ప్రెస్సుకి స్వయంగా వెళ్ళి, ఆ మాట లావుపాటి అక్షరాల్లో రావాలని దగ్గర కూర్చుని మరీ చెప్పి వచ్చారు. పోయినవాళ్ళ మీద మనవాళ్ళకి అప్పటికప్పుడు పుట్టుకొచ్చే ప్రేమ అలాంటిది. ఇదేంటి బావగారూ అని అడగడానికి పోయినవాడు లేచి రాడు కదా.

ఒక కార్డు పిఠాపురం కూడా వెళ్ళింది. చంద్రరావుగారి ఒక్కగానొక్క కూతురు వెంకటదుర్గ అత్తవారిల్లు అక్కడే. మేనమామ పోయాడని ఫోన్ వచ్చిన పూట దుర్గ ఉన్నపళంగా బయల్దేరి వెళ్ళి, కళ్ళు వాచిపోయేలా ఏడ్చి, కూతురి పరీక్షలని మూడో రోజున తిరిగొచ్చేసింది. వారం గడిచాక కార్డు వస్తే దాన్ని ముందు చూసింది ఆమె మావగారు వీరభద్రరావుగారు. కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, మీ మేనమామ విద్వాంసుడా అమ్మా, నువ్వీ ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళయింది, ఒక్కనాడూ చెప్పలేదేం అని అడిగారు. ఏదో ఇంట్లో కాలక్షేపానికండి అంది దుర్గ, వంటింటి గుమ్మం దాటకుండానే. ఏం వాయించేవారని ఆయన మళ్ళీ అడిగేలోగా పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలూ లేవు, నీళ్ళూ లేవు.

సరే, నేనూ వస్తాను పెద్దకర్మకి, కారులో అందరం కలిసి వెళ్దాం అన్నారు ఆయన వెనక నుంచి. ఆయన అక్కడికి వెళ్తే తొమ్మిదేళ్ళ కిందటి అబద్ధం ఒకటి బయటపడుతుంది. ఆ అబద్ధం ఈయన పేరు చెప్పి ఆడింది. ఆడింది దుర్గే. ఈ ఇంట్లో తను పొందిన మంచిపేరంతా ఒక్క పూటలో మట్టిలో కలిసిపోతుందని ఆ రాత్రంతా ఆమెకి నిద్ర పట్టలేదు. మేనమామ పోయాడని పట్టకపోవడం వేరు, ఇది వేరు.

ఇంతకీ ఆ చిన్నబ్బాయి ఎవరో చెప్పాలి. మొగల్తూరు పక్కన పల్లెలో ఐదెకరాల మాగాణీ, పెంకుటిల్లు ఉన్న రైతు. దుర్గ తల్లి శ్యామలాంబకి తమ్ముడు. రేషను కార్డు మీద వేరే పేరేదో ఉండేది గానీ అది ఆయనకే గుర్తుండేది కాదు. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా ఊరందరికీ చిన్నబ్బాయే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే ఊళ్ళో ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పేవాళ్ళు. ఆయన్ని అడిగితే, కుదర్లేదండి అని నవ్వేసి చేతిలో ఉన్న మొక్కకి మట్టి సర్దేవాడు.

పద్దెనిమిదో ఏట ఆయనకి సన్నాయి పిచ్చి పట్టింది. వీణ అంటే సరేననేవాళ్ళు, వయొలిన్ అన్నా పోనీలే అనేవాళ్ళు. సన్నాయి! భూమున్న ఇళ్ళల్లో సన్నాయి వినడానికే గానీ ఊదడానికి కాదు. మేళం వాళ్ళు వస్తారు, పందిట్లో ఓ పక్కన చాప మీద కూర్చుంటారు, ముహూర్తానికి ఊదుతారు, ఆఖరి బంతిలో తింటారు, వెళ్ళిపోతారు. అక్షింతలు వేసే చెయ్యి వేరు, సన్నాయి పట్టే చెయ్యి వేరు అని అందరి బుర్రల్లోనూ ఎవరూ చెప్పకుండానే ఉండిపోయింది. అలాంటిది ఈయన సన్నాయి మేళం అప్పాజీ ఇంటికి వెళ్ళి, అరుగు మీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. పైగా అప్పాజీగారూ అని పిలిచేవాడు. సన్నాయి కన్నా ఊళ్ళో ఎక్కువ గొడవైంది ఆ ‘గారు’ గురించే. రైతుబిడ్డ మేళం మనిషిని గారు అంటాడా అని పెద్దలు తండ్రికి చాడీలు మోశారు.

తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. నా చెవిన పడకూడదు, ఊదుకుంటే పశువులపాక అవతలికి పోయి ఊదుకో అన్నాడు. పాక అవతల నలభై సెంట్ల మెరక నేల ఉండేది. అంతా తుమ్మకంప, పల్లేరుకాయలు. కూర్చోడానికి చోటు లేక చిన్నబ్బాయి ముందు చాపంత మేర బాగు చేసుకున్నాడు. ఎండ తగులుతోందని సన్నజాజి పందిరి వేశాడు. పందిరికి నీళ్ళు పొయ్యాలి కదా అని పంటకాలువ నుంచి బోదె తవ్వాడు. బోదెలో నీళ్ళు వృథా పోతున్నాయని మల్లె పెట్టాడు. అలా ఒకదాని వెంట ఒకటి పదేళ్ళలో ఆ నలభై సెంట్లూ తోటైపోయింది. ఆరు మళ్ళ మల్లె, కనకాంబరం, మరువం, రెండు సంపెంగలు, కడియం నుంచి సైకిలు మీద తెచ్చి నాటిన గులాబీ అంట్లు. కాలువ గట్టున సన్న రెల్లు పెంచేవాడు, సన్నాయి చివర నోట్లో పెట్టుకునే పీక కోసం. ఎక్కడో కొనుక్కునేదాన్ని కూడా నాటుకుని పెంచే మనిషి ఆయన. ఇంట్లోంచి వెళ్ళగొడితే వెళ్ళిన చోట పూలు పూయించాడని తల్చుకుంటే ఇప్పుడు ముచ్చటగానే ఉంటుంది. అప్పుడు మాత్రం ఆడంగి పనులు అన్నారు.

దుర్గ వేసవి సెలవులన్నీ ఆ తోటలోనే గడిచాయి. చిన్నబ్బాయి మావయ్య ఊదేవాడు, ఏ రాగమో దుర్గ చెప్పాలి. ఒప్పు చెప్తే ఒక సంపెంగ పువ్వు. తప్పు చెప్తే రెండు వరసల మొక్కలకి నీళ్ళు పొయ్యాలి. కల్యాణిని మోహనం అనేది, మోహనాన్ని హిందోళం అనేది. ఆ సెలవుల్లో తోటకి నీళ్ళకి లోటు రాలేదు. నరసాపురంలో బడి తెరిచాక, శుక్రవారం శుక్రవారం ఆయన పది మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ తడిగుడ్డలో చుట్టిన పూలు తెచ్చేవాడు. అక్క ఇంట్లో మంచినీళ్ళు తాగి, మేనకోడలి జడలో పూలు పెట్టించి, బావగారు కొట్టు నుంచి వచ్చే వేళకి వెళ్ళిపోయేవాడు. దుర్గకి తండ్రంటే భయం, తల్లంటే చనువు. ప్రాణం మాత్రం మావయ్యే. ఇది అబద్ధం కాదు. ఇదే అబద్ధమైతే తర్వాత జరిగినదానికి ఇంత బాధపడాల్సిన పని లేదు.

ముప్పై ఏళ్ళ పైన సాధన చేసిన ఆ మనిషి ఒక్క పెళ్ళిలోనూ ఊదలేదు. అడిగితే, మా అమ్మడి పెళ్ళికి ఊదుతాను, అదే మొదలు, అదే ఆఖరు అనేవాడు. దుర్గకి ఐదేళ్ళప్పుడు అన్నాడు, పదిహేనేళ్ళప్పుడూ అన్నాడు. ముందు మేనమామగా పెళ్ళికూతుర్ని వెదురుగంపలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకొస్తాడట. దింపగానే కండువా దులుపుకుని వెళ్ళి అప్పాజీ పక్కన చాప మీద కూర్చుంటాడట. గౌరీపూజకి ఏ రాగం, జీలకర్రా బెల్లానికి ఏ రాగం, తలంబ్రాలకి ఏది, అన్నీ ముందే అనుకుని పెట్టుకున్నాడు. ఆ ఒక్క పూట కోసమే ఆ సన్నాయి వదలకుండా పట్టుకున్నాడని చెప్పినా అతిశయోక్తి కాదు.

మధ్యలో ఒక్కసారే ఒక తప్పు చేశాడు, ఊరి దృష్టిలో. అప్పాజీ కూతురి పెళ్ళికి పది ఊళ్ళ మేళం వాళ్ళు వస్తే, గురువుగారు రమ్మన్నారని వాళ్ళ మధ్య కూర్చుని రెండు గంటలు ఊదాడు. నలభైమంది వాయిద్యగాళ్ళు, తప్పు దొర్లితే మొహాన నవ్వేవాళ్ళు, నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆ సంగతి నరసాపురం దాకా పాకింది. మంచి సన్నాయి ఊదాడన్న ముక్క పాకలేదు. మేళం వాళ్ళ పెళ్ళిలో చాప మీద కూర్చున్నాడన్న ముక్కే పాకింది.

తొంభై ఆరులో దుర్గకి పిఠాపురం సంబంధం కుదిరింది. రైసుమిల్లు, మంచి కుటుంబం, అబ్బాయి గణేష్‌బాబు బీకాం. వైశాఖంలో పగటి ముహూర్తం. కబురు తెలిసిన రోజే చిన్నబ్బాయి కత్తెర పట్టుకుని మల్లెమళ్ళలోకి దిగాడు. మల్లెని ఆకు దూసి, కొమ్మ కత్తిరించి, నీళ్ళు ఆపి ఎండగడితే ఇన్ని వారాలకని లెక్కగా మొగ్గ వస్తుంది. అందరూ ఒక్కసారే కత్తిరిస్తారు. ఈయన వారానికొక మడి చొప్పున ఆరు వారాలు కత్తిరించాడు. ముహూర్తం ముందుకి జరిగినా వెనక్కి జరిగినా ఏదో ఒక మడి ఆ రోజుకి నిండు మొగ్గ మీద ఉండాలని. ఆ మొగ్గలతోనే పెళ్ళిజడ వెయ్యాలని శ్యామలాంబకి కబురు పంపాడు. తెల్లారుజామున లేచి గంటల తరబడి సాధన కూడా మొదలుపెట్టాడు. కాలువ అవతల కోతల కూలీలు పని ఆపి వినేవాళ్ళు.

పెళ్ళి పది రోజులుందనగా చుట్టాల ఆడపిల్లలు దుర్గ చుట్టూ చేరారు. వాళ్ళలో దుర్గాశ్రీ అని పెదనాన్న కూతురు, నోరు ఊరుకోని పిల్ల, మీ మావయ్య నిన్ను గంపలో దింపేసి పోయి భజంత్రీల్లో కూచుంటాడంట కదే, పెళ్ళివారు ఆయన చేతిలో పదో పరకో పెడతారేమో, నువ్వే చెప్పుకోవాలి మా మావయ్యేనండీ అని, అంటూ పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. దుర్గ కూడా నవ్వింది. నవ్విందే గానీ, ఆ తర్వాత రెండు రోజులు అన్నం సయించలేదు. డిగ్రీ చదివిన పిల్ల. అత్తవారి వైపు ఆడవాళ్ళు పట్టుచీరల్లో వరసగా కూర్చుని చాప వైపు చూపించి చెవులు కొరుక్కుంటున్నట్టు ఒకటే ఊహ. చిత్రమేమిటంటే అప్పటికి చంద్రరావుగారే మెత్తబడ్డారు. ఒక్క పూట వాడి ముచ్చట వాడిది, పెళ్ళి నీది, నీకెలా బాగుంటే అలా అని కూతురికే వదిలేశారు. శ్యామలాంబ అయితే తమ్ముడు ఊదుతాడని ఇరుగుపొరుగుకి చెప్పుకుని మురిసిపోయింది. ఒక్కళ్ళు కూడా వద్దనలేదు. పెళ్ళివారిని ఎవరూ అడగనే లేదు.

ఆ మర్నాడు దుర్గ బస్సెక్కి తోటకి వెళ్ళింది. మావయ్య మల్లెమడిలో గొంతుక్కూర్చుని కలుపు తీస్తున్నాడు. ఇదిగో అమ్మడూ, నీ జడ అని నాలుగో మడి చూపించాడు. సన్న మొగ్గ అప్పుడే తొంగి చూస్తోంది. దుర్గ ఆ మడి వైపు చూడకుండా, దారి పొడుగునా పాఠంలా వల్లించుకొచ్చిన మాట చెప్పేసింది.

"పెళ్ళివారికి ఇష్టం లేదంట మావయ్యా. నువ్వు మేళంలో కూచోడం."

ఆయన చేతిలో కలుపు అలాగే ఉంది. "వాళ్ళే అన్నారా అమ్మడూ?"

అక్కడ ఒక్క నిమిషం ఉంది. అప్పుడైనా, కాదు మావయ్యా, నాకే సిగ్గుగా ఉంది అంటే, ఆ మనిషి నవ్వేసి, ఓసి పిచ్చిదానా అని నెత్తి మీద ఒకటి మొట్టి ఊరుకునేవాడు. బహుశా ఊదేవాడు కూడా కాదు, ఆ పిల్ల కోసమే. కానీ అబద్ధం అంటని మనసుతో మానుకునేవాడు.

"వాళ్ళే అన్నారు," అంది దుర్గ.

"అలాగేలే," అన్నాడు ఆయన. కాసేపు మట్టి సర్ది, తలెత్తకుండా అడిగాడు. "మరి గంప పట్టుకోవచ్చునా? దానికేం అభ్యంతరం లేదు కదా?"

దుర్గకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తిరిగితే ఏం లాభం? అయ్యో అదేం మాట మావయ్యా అని ఏడ్చింది గానీ చెప్పాల్సిన మాట చెప్పలేదు. పైగా ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులతో ఇంకో అబద్ధం ఆడింది. మావయ్యే మానుకున్నాడు, దమ్ము చాలట్లేదంట, పదిమందిలో ఊదలేనంటున్నాడు అంది. చంద్రరావుగారు, నే చెప్పలా, అంతా ఇంట్లో ప్రతాపమే అని తేలిగ్గా తీసి పారేశారు. శ్యామలాంబ ఊరుకోలేక తమ్ముడి దగ్గరకి వెళ్ళింది. ఏరా, దమ్ము చాలట్లేదన్నావంట అని అడిగింది. ఆయన అక్క మొహంలోకి చూసి, కాసేపు ఆగి, అవునక్కా, వయసైపోతోంది అన్నాడట. ఆ ‘కాసేపు ఆగి’ అన్న ముక్క శ్యామలాంబ యథాలాపంగా కూతురికి చెప్పింది. దుర్గకి అప్పుడే అర్థమైపోయింది. తనతో ఒకటి, తల్లితో ఒకటి చెప్పిందని మావయ్య ఆ కాసేపట్లో గ్రహించాడు. గ్రహించి, ఆమె పక్షాన అబద్ధం ఆడాడు.

ఆ మెతకతనమే ఆయన కొంప ముంచింది. ఎవరేమన్నా అలాగేలే. ఒక్కసారి గట్టిగా, ఎవరే అన్నది, పద ఫోన్ చేసి అడుగుదాం అని ఉంటే ఆ పిల్ల అప్పుడే దారికొచ్చేది. అంత మంచితనం కూడా ఎదుటివాళ్ళని పాడు చేస్తుంది. ఆయన తప్పేమైనా ఉందంటే ఇంతే.

పెళ్ళి బాగా జరిగింది. చిన్నబ్బాయి కొత్త పంచె కట్టుకుని, మేనకోడల్ని గంపలో మోసుకొచ్చి, పీటల మీద కూర్చోబెట్టాడు. నాలుగో మడి మల్లెలు లెక్క తప్పకుండా ఆ రోజుకే అందాయి. జడ చూసి పిఠాపురం ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. అప్పాజీ సన్నాయి ఊదాడు. గట్టిమేళం మోగే వేళకి మావయ్య ఎక్కడా అని దుర్గ తలవంచుకునే కళ్ళతో వెతికింది. కనపడలేదు. వంటశాల వెనక, గాడిపొయ్యిల పక్కన నీళ్ళగోళేల దగ్గర నిలబడి గ్లాసులు కడిగిస్తున్నాడని తర్వాత తెలిసింది. అక్కడికి సన్నాయి అంతగా వినపడదు.

ఆ తర్వాత ఆయన సన్నాయి ముట్టుకోలేదు. తోట మాత్రం మానలేదు. దుర్గ పుట్టింటికి వచ్చినప్పుడల్లా పూలు తెచ్చేవాడు, సైకిలు తొక్కలేని రోజున బస్సులో తెచ్చేవాడు. ఆమె కూతురు సాయిప్రసన్నని ఎత్తుకుని తిప్పేవాడు. ఊదమని ఆ పిల్ల అడిగితే, పీక పాడైపోయిందమ్మా అనేవాడు. గట్టు నిండా రెల్లు ఉండేది. దుర్గ వినేది, లేచి లోపలికి వెళ్ళిపోయేది. ఈసారి చెప్పేస్తాను, ఈసారి కాళ్ళు పట్టుకుంటాను అనుకుని వచ్చేది. తీరా వచ్చాక పిల్లకి జ్వరమో, తండ్రి ఎదురుగా ఉన్నారనో, ఏదో ఒక వంక. అలా తొమ్మిదేళ్ళు.

చివరి నాలుగేళ్ళూ ఆయనకి ఆ తోట కూడా దక్కలేదు. పక్క చేలవాళ్ళు వరి మానేసి రొయ్యలచెరువులు తవ్వారు. ఉప్పునీరు ఊరి ఊరి తోటలోకి దిగింది. మల్లె ఆకులు అంచుల నుంచి ఎండుతూ వచ్చాయి. ఊళ్ళో చెరువు నుంచి కావిడితో మంచినీళ్ళు మోసి పోశాడు కొన్నాళ్ళు. కేసు పెట్టమని అప్పాజీ చెప్తే, వాళ్ళ పొలం వాళ్ళిష్టం కదండీ అన్నాడట. అక్కడా అలాగేలే. ఆఖరికి రెండు సంపెంగలు మిగిలాయి. ఈ భాద్రపదంలో ఓ ఉదయం వాటి పాదు దగ్గరే గుండె పట్టుకుని కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు.

పెద్దకర్మ రోజున పిఠాపురం నుంచి కారు పదిన్నరకల్లా పల్లెకి చేరింది. దుర్గ, గణేష్‌బాబు, పిల్ల వెనక సీట్లో, వీరభద్రరావుగారు ముందు సీట్లో. దారి పొడుగునా దుర్గ దేవుళ్ళకి మొక్కుకుంటూనే ఉంది, అప్పాజీకి ఒంట్లో బాగోక రాకపోతే బాగుండునని. ఇదీ దాని బతుకు. ఏ మేళంలో మావయ్య కూర్చుంటే పరువు పోతుందనుకుందో, ఆ మేళాన్నే చంద్రరావుగారు ఈ రోజు ప్రత్యేకంగా పిలిపించి షామియానా మధ్యలో, చాప తీయించి తివాచీ మీద కూర్చోబెట్టారు. డెబ్భై దాటిన అప్పాజీ బుగ్గలు పూరించి ఊదుతున్నాడు. వచ్చినవాళ్ళందరికీ చంద్రరావుగారు, మావాడు ఈయన శిష్యుడేనండి, మహా విద్వాంసుడు అని చెప్పుకుంటున్నారు. ఎక్కడా తడుముకోలేదు.

వీరభద్రరావుగారు కారు దిగుతూనే సన్నాయి విని ఆగిపోయారు. భోజనాలకి పిలిచినా లేవకుండా, కుర్చీ మేళం దగ్గరకి లాక్కుని కూర్చుని చేత్తో తాళం వేస్తూ విన్నారు. ఊదడం అయ్యాక అప్పాజీతో మాటలు కలిపారు. దుర్గ బంతిలో వడ్డిస్తూ అటే చూస్తోంది. ఆయన నవ్వుతూ ఏదో అడగడం, అప్పాజీ చేతులు కట్టుకుని చెప్పడం, ఆయన మొహంలో నవ్వు పోవడం, అన్నీ కనపడ్డాయి.

"దుర్గమ్మా, ఒకసారి ఇలా రా తల్లీ."

వెళ్ళింది. చంద్రరావుగారు, మజ్జిగ గిన్నెతో శ్యామలాంబ కూడా వచ్చి నిలబడ్డారు.

"మీ మావయ్య నీ పెళ్ళికి సన్నాయి ఊదాలని ఇరవై ఏళ్ళు సాధన చేశారంట. మేం వద్దన్నామంట. ఆయన ఈయనతో చెప్పారంట, పెళ్ళివారు వద్దన్నారని." ఆయన గొంతులో కోపం లేదు, నొచ్చుకోవడమే ఉంది. "నేను చిన్నప్పుడు కుక్కుటేశ్వరస్వామి కల్యాణానికి మేళం వెనకాల ఊరంతా తిరిగినవాణ్ణమ్మా. పెళ్ళికూతురి మేనమామే ఊదుతానంటే నెత్తిన పెట్టుకునేవాణ్ణి. ఎవరన్నారు ఆ మాట?"

బంతిలో చేతులు ఆగాయి. నేనేనండి, నాకు సిగ్గేసి మీ పేరు చెప్పానండి. ఆ మాట దుర్గ నోటి దాకా వచ్చింది. ఆమె చెప్పాలనుకుంది, అది నిజం. తొమ్మిదేళ్ళుగా ఎదురు చూసిన మాటే. కానీ చెప్పాల్సిన మనిషికి కాక ఈయనకి చెప్పాల్సి వచ్చింది. పక్కన మొగుడు, ఎదురుగా తండ్రి, చుట్టూ రెండు ఊళ్ళ చుట్టాలు.

"ఎవరూ అన్లేదండి," అంది. "మావయ్యకి పదిమందిలో ఊదడమంటే భయమండి. ఆ మాట పైకి ఒప్పుకోలేక, మీ మీద పెట్టి తప్పుకున్నాడు."

"అవును బావగారూ," అని చంద్రరావుగారు వెంటనే అందుకున్నారు. "మాకూ అప్పుడు అదే చెప్పిందండి మా అమ్మాయి. మనిషి మంచివాడే గానీ ధైర్యం తక్కువండి."

వీరభద్రరావుగారి మొహం తేటపడింది. మేం అన్లేదు కదా, అది చాలు అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలి, పాపం, కొంతమందికి అంతేనమ్మా, విద్య ఉంటుంది గానీ సభకి జంకుతారు అన్నారు. అప్పాజీ వైపు తిరిగి, ఏమయ్యా, నిజమేనా అని అడిగారు.

అప్పాజీ దుర్గ వైపు చూశాడు. చాలాసేపేమీ చూడలేదు. ఈ ఇంటి ఆడపడుచు, వచ్చిన పెద్దమనిషి కోడలు. తనేమో, పిలిస్తే వచ్చి వాయించి వెళ్ళేవాడు.

"అవునండి," అన్నాడు తల దించుకుని. "మా చిన్నబ్బాయిగారు కొంచెం బెదురు మనిషేనండి."

శ్యామలాంబ మజ్జిగ గిన్నె అక్కడే బల్ల మీద పెట్టేసి ఇంట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు. కూతురు బయల్దేరేటప్పుడు బొట్టు పెట్టడానికి కూడా వేరే ఎవరినో పంపింది.

సాయంత్రానికి షామియానా కింద అందరికీ ఆ కబురు అందింది. పాపం చిన్నబ్బాయి ఎందుకు ఊదలేదో ఇన్నాళ్ళకి తెలిసిందని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. పెళ్ళి రోజున నీళ్ళగోళేల చాటున దాక్కున్నాడని, కాళ్ళు వణికాయని అప్పటికప్పుడు చేర్చినవాళ్ళూ ఉన్నారు. ఎవరూ చెడ్డగా అనలేదు, జాలిగానే అన్నారు.

కారు పాలకొల్లు దాటాక, ఒళ్ళో పడుకున్న సాయిప్రసన్న లేచి కూర్చుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, విన్నదంతా బుర్రలో పెట్టుకుంటుంది.

"అమ్మా, చిన్నబ్బాయి తాతయ్య పిరికివాడా?"

కాదమ్మా అనడానికే దుర్గ నోరు తెరిచింది. ముందు సీట్లో వీరభద్రరావుగారు మెలకువగానే ఉన్నారు.

"అవునమ్మా," అంది.